చేపల తొట్టి మీది కుండ

కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో సైకిల్ షాపు రాయమల్లు అంటే గుండె ధైర్యం గల మనిషని పేరు. లారీ టైరు పేలితే బజారు బజారంతా ఉలిక్కిపడేది. రాయమల్లు మాత్రం పంక్చర్ చూసుకుంటున్న నీళ్ల తొట్టి మీంచి తల కూడా ఎత్తేవాడు కాదు. రజాకార్ల రోజుల్లో ఒక్కడే సైకిల్ మీద సిరిసిల్ల నుంచి కరీంనగర్ దాకా వచ్చి పోయేవాడని చెప్పుకునేవారు. ఆ మాట నిజమే. కానీ ధైర్యం వేరు, పోగొట్టుకోవడానికి ఏమీ లేకపోవడం వేరు. అప్పటికి అతనికి పెళ్లి కాలేదు, పిల్లలు లేరు, తొక్కే సైకిలు కూడా కిరాయిది. భయమంటే ఏమిటో అతనికి పెళ్లయ్యాకనే తెలిసింది. తెలిశాక మాత్రం అది అతన్ని వదిలిపెట్టలేదు.

పుట్టింది సిరిసిల్లలో, పద్మశాలీల ఇంట్లో. తండ్రిది గుంట మగ్గం. ఇల్లంతా ఎప్పుడూ గంజి వాసనే. వానాకాలం వచ్చిందంటే నూలుకు బూజు పట్టకుండా గంజిలో మైలుతుత్తం కలిపేవారు. నీలంగా మెరిసే ఆ రాయి పటికబెల్లంలా కనబడి, చిన్నప్పుడు రాయమల్లు ఒకసారి నాకి చూశాడు. నోరంతా వగరు పట్టి సాయంత్రం దాకా వాంతులు చేసుకున్నాడు. ఆనాటి నుంచి తల్లి పోశవ్వ గంజి పెట్టే రోజుల్లో పిల్లల వెంటపడి ఒకటే గోల చేసేది. "చేతులు కడుక్కోన్రి. కడుక్కున్నంకనే బువ్వ ముట్టున్రి."

పోలీస్ యాక్షన్ అయిన మరుసటి ఏడు మగ్గాన్ని తమ్ముడు కొండల్‌కు అప్పగించి రాయమల్లు కరీంనగర్ వచ్చేశాడు. ఒక షాపులో పనికి కుదిరి, కొన్నేళ్లకు సొంతంగా షాపు పెట్టుకున్నాడు. మగ్గం వదిలినా నూలు మాత్రం అతన్ని వదల్లేదు. సీటు ఊగితే నూలుతో కట్టేవాడు, గొట్టం కారితే నూలు చుట్టేవాడు, కీలు కిర్రుమంటే నూలును నూనెలో ముంచి దూర్చేవాడు. గల్లీలోవాళ్లు నవ్వితే తనూ నవ్వేవాడు గానీ, మనసులో నూలుతో కానిదేముందనే అనుకునేవాడు. మనిషికి ఒక్కోసారి తనకు బాగా తెలిసిందే కళ్లకు గంతలు కడుతుంది.

పెళ్లాం బుచ్చవ్వది మానకొండూరు దిక్కు పల్లె. మనిషి సన్నగా ఉన్నా నోరు మాత్రం గట్టిది. షాపు ముందు బండి అడ్డం పెట్టినవాడు ఎంత మొనగాడైనా ఆమె గొంతు విని తీసేవాడు. ఆ గొంతు రెండుసార్లు మూగబోయింది. మొదటి బిడ్డ కడుపులోనే పోయింది. రెండో బిడ్డ పుట్టి, కళ్లు తెరిచి, పేరు పెట్టకముందే పోయింది. రెండుసార్లూ ఆ చిన్న మూటను తన చేతులతోనే మానేరు ఒడ్డుకు మోసుకుపోయి మట్టి చేసి వచ్చాడు రాయమల్లు. వచ్చాక చేతులు రుద్ది రుద్ది కడుక్కున్నాడు. అయినా ఆ చేతులంటే అతనికి ఏదో అనుమానం పట్టుకుంది. ఎవరి చంటిబిడ్డనూ ఎత్తుకునేవాడు కాదు. ఎవరైనా అందించబోతే, గ్రీజు చేతులని తప్పించుకునేవాడు.

పంతొమ్మిది వందల అరవై రెండు ఎండాకాలం నాటికి బుచ్చవ్వకు మళ్లీ నెల తప్పి నాలుగు దాటింది. ఒకనాడు కొద్దిగా రక్తం కనబడింది. రిక్షాలో దవాఖానకు తీసుకుపోతే డాక్టరమ్మ చూసి, బిడ్డ ఉంది గానీ గట్టిగా లేదంది.

"కాన్పు దాకా మంచం దిగకూడదు బుచ్చవ్వా. బిందె ఎత్తకూడదు, వంగకూడదు. పడుకునే ఉండాలి."

"పండుకుంటె పాణం ఊకుంటదా డాక్టరమ్మా? పండుకుంటెనే అన్ని గుర్తుకొస్తయి," అంది బుచ్చవ్వ.

దవాఖాన వరండాలో డాక్టరమ్మ ఒక గాజు తొట్టిలో చేపలు పెంచేది. మూడు ఎర్ర చేపలు, అందులో ఒకదాని తోక తెల్లగా ఉండేది. బుచ్చవ్వ ఎప్పుడొచ్చినా ఆ తొట్టి ముందే కూర్చునేది. చూస్తున్నంతసేపూ ఆమె మొహంలో గుబులు తగ్గేది. అది డాక్టరమ్మ కనిపెట్టింది. ఎట్లాగూ వరండా మరమ్మతులు మొదలవుతున్నాయి. కాన్పయ్యే దాకా నీ దగ్గరే ఉంచుకొమ్మని తొట్టినీ చేపలనూ ఆమెకే ఇచ్చి పంపింది.

అట్లా ఆ తొట్టి ఒంటెద్దు బండి ఎక్కి, బిందెల్లో చేపలతో సహా బస్టాండు వెనక గల్లీకి వచ్చింది. కోడలిని చూసుకోవడానికి సిరిసిల్ల నుంచి దిగిన పోశవ్వ బుగ్గన వేలు పెట్టుకుంది. "చేపల్ని పులుసు పెట్టుకుంటరు గని గిట్ల అద్దాల పెట్టెల సాదుకుంటరా కొడుకా?" మంచం పక్కన స్టూలు వేసి దానిమీద తొట్టి పెట్టారు. బుచ్చవ్వ పక్కకు ఒత్తిగిలి పడుకుని, చెయ్యి చాపితే గాజు తగిలేంత దగ్గర నుంచి చూస్తూ ఉండేది. కొద్దిరోజులు ఇల్లు కుదుటపడింది.

అసలు ఎండలు అప్పుడు మొదలయ్యాయి. పెంకుల కప్పు కింద తొట్టిలో నీళ్లు వేడెక్కాయి, పచ్చబడ్డాయి. చేపలు పైకి తేలి నోళ్లు తెరవడం మొదలుపెట్టాయి. ఒక మధ్యాహ్నం రాయమల్లు ఇంటికొచ్చేసరికి పోశవ్వ బావి దగ్గర ఉంది. బుచ్చవ్వ నిండు బిందె చంకన పెట్టుకుని, తొట్టి మీదికి వంగి, నీళ్లు పోస్తోంది. రాయమల్లు చెప్పులు విడవకుండానే లోపలికి ఉరికాడు. బిందె దించుకుని ఆమెను మంచం మీద పడుకోబెట్టాడు.

"నీకేమన్న అయితె నేనేం గావాలె?"

"మరి అవి నోర్లు తెరుస్తున్నయి. సచ్చేటట్టున్నయి. జూసుకుంట ఎట్ల పండుకోవాలె?"

తొట్టిని దవాఖానకు తిరిగి పంపిద్దామన్నాడు. బుచ్చవ్వ రెండు చేతులతో స్టూలు కాలు పట్టుకుంది, వదల్లేదు. అప్పటికే ఆ మూడు చేపల మీద ఆమె ప్రాణం పెట్టుకుందని అతనికి అప్పుడే అర్థమైంది. చేపలుంటే ఆమె పడుకుంటుంది. చేపలకు ఊపిరాడకపోతే లేస్తుంది. లేస్తే బిడ్డ దక్కదు. లెక్క అంత తేలికగా, అంత భయంకరంగా ఉంది. షాపులో ఏ పని పట్టుకున్నా, ఇప్పుడు బిందె ఎత్తుతోందేమో అన్న ఆలోచనే అతన్ని తరిమేది. పొద్దంతా షాపుకూ ఇంటికీ మధ్య తిరగడమే పనయింది.

దారి చూపింది దవాఖాన కంపౌండర్ దేవదాస్. హైదరాబాద్ నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో చూశానని చెప్పాడు. "తొట్టి మీద ఇంకో చిన్న తొట్టి ఉంటది రాయమల్లూ. కింది నీళ్లు మీదికి ఎక్కుతయి, ఇసుకల ఇంకి శుభ్రమై మల్ల కిందికే పడుతయి. నీళ్లు ఆడుతుంటె చేపలకు గాలి అందుతది. అక్కడ కరెంటు మీద నడుస్తది. నీ ఇంట్ల కరెంటు లేకపాయె."

కరెంటు లేకుంటే గాలి ఉందిగా, అనుకున్నాడు రాయమల్లు. గాలి అతని వృత్తి.

ఒక పాత లారీ ట్యూబు సంపాదించి ప్యాచీలు వేశాడు. అందులో సైకిల్ పంపుతో గాలి నింపి, పైన బండ పెట్టాడు. దవాఖానలో పారేసే గ్లూకోజు రబ్బరు గొట్టం ఒకటి దేవదాస్ ఇచ్చాడు. దాన్ని ట్యూబుకు బిగించి, గాలి సన్నగా వచ్చేట్టు మధ్యలో చిన్న మర బిగించాడు. రబ్బరు గొట్టం రెండో కొసను ఒక గాజు గొట్టం అడుగున దూర్చి తొట్టిలో నిలబెట్టాడు. బుడగలు గాజు గొట్టంలో పైకి ఎక్కుతూ నీళ్లను కూడా నెట్టుకుపోతాయి. తొట్టి అంచుల మీద రెండు చెక్కలు వేసి, వాటి మీద, గాజు గొట్టం పై కొస లోపలికి వంగేట్టు, అడుగున చిల్లులు పెట్టించిన వెడల్పు కుండ కూర్చోబెట్టాడు. కుండలో కంకర, ఇసుక, కట్టెబొగ్గు.

ఇసుకకు మానేరుకే పోవాలి. పోయాడు గానీ, ఆ రెండు చిన్న మూటలనూ మట్టి చేసిన దిక్కుకు మొహం తిప్పకుండా, ఎగువన చాలా దూరం నడిచి తెచ్చాడు. గంప దించుతుంటే బుచ్చవ్వ అడిగింది. "ఏ దిక్కు తెచ్చినవ్?"

"ఎగువకు," అన్నాడు. ఇసుక జల్లెడ పట్టడం మొదలుపెట్టాడు.

అన్నింటి మీదా మెత్తగా ఏదైనా పరిస్తే పెద్ద మురికి అక్కడే ఆగుతుందని దేవదాస్ చెప్పాడు. రాయమల్లు ఆలోచించనైనా లేదు. పోశవ్వ సిరిసిల్ల నుంచి తెచ్చిన మూటలో కొండల్ ఇచ్చిన మిగులు నూలు ఉంది. దీపం వత్తులకని తెచ్చింది. తెల్లగా మల్లెపువ్వులా ఉంది. మన మగ్గం నూలుకంటే శుభ్రమైనది కరీంనగర్ మొత్తంలో ఎక్కడ దొరుకుతుంది? ఒకసారి నీళ్లలో జాడించి కుండలో పరిచాడు.

మర తిప్పగానే గాజు గొట్టంలో బుడగలు గుడగుడమని పైకెక్కాయి. నీళ్లు కుండలో పడి, ఇంకి, అడుగు చిల్లుల్లోంచి సన్న ధారలుగా తొట్టిలోకి దిగాయి. గల్లీ గల్లీ వచ్చి చూసింది. బుచ్చవ్వ మంచంలోంచే చెయ్యి చాపి ఒక ధార కింద వేళ్లు పెట్టి చాలాసేపు ఉంచుకుంది. "నా కడుపుకు కావలి పెట్టినట్టున్నవయ్యా," అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోటి నుంచి వచ్చిన పెద్ద మెప్పు అదే. రాయమల్లుకు ఆ సాయంత్రం నేల మీద కాలు నిలవలేదు.

పొద్దున ఒకసారి, పగలు ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి ట్యూబులో గాలి కొడితే చాలు. బుచ్చవ్వ మంచం దిగడం మానేసింది. కానీ నీళ్లు తెల్లగా మసకబారాయి. నూలు మురికిని పట్టుకుంటున్నదనుకుని అతను సంతోషించి ఇంకో పిడికెడు నూలు పరిచాడు. చేపలు మందగించాయి. వేసిన ప్యాలాల పిండి అట్లాగే అడుగున పడి ఉంది. ఎండలకేమో అనుకుని మరి కాస్త నూలు సర్దాడు. ఒక పొద్దున ఒక చేప పక్కకు ఒరిగి తేలింది.

బుచ్చవ్వ కడుపు మీద చెయ్యి పెట్టుకుని గోడవైపు తిరిగింది. ఆ వారంలోనే రెండోది కూడా పోయింది. అప్పుడు మాట్లాడింది. గొంతు చాలా మామూలుగా ఉంది.

"రెండు పోయినయి. మనయి గూడ రెండు పోయినయి గద. ఇగ గా తెల్లతోకది ఒక్కటి మిగిలె."

"పిచ్చి మాటలు మాట్లాడకు. ఎండకు పోయినయి."

ఆమె వినలేదు. ఆ పూట అన్నం ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు నమిలి, మింగలేక, అత్త చూడకుండా కొంగులో ఉమ్మేసుకుంది. రాయమల్లు చూశాడు. చూసిన సంగతి కూడా ఆమెతో అనలేకపోయాడు.

కుండ మొత్తం విప్పి కడుగుదామని వాకిట్లోకి తెచ్చాడు. నూలు తీసి గోడ మీద ఆరేసి, ఇసుక గుమ్మరించాడు. ఎండకు కుండ ఆరుతుంటే, లోపలి అంచు చుట్టూ సన్నగా నీలి చార ఒకటి తేలింది. రాయమల్లు ఆ చార వంక చూస్తూ నిలబడ్డాడు. అటువంటి చార అతను ఇంతకుముందు చూశాడు. సిరిసిల్ల ఇంట్లో గంజి బానకు ప్రతి వానాకాలం ఆ చారే పడేది. వేలితో రాసి నాలుకకు తగిలించుకున్నాడు. చిన్నప్పటి వగరు నోరంతా పట్టింది.

"అవ్వా," అన్నాడు మెల్లగా, "గీ నూలు ఎప్పటి గంజిదే?"

పోశవ్వ చేట పక్కన పెట్టి వచ్చింది. "పోయిన వానకాలందే కొడుకా. ముసురు వట్టి బూజు వడుతున్నదని కొండల్ తుత్తం జర ఎక్కువనే ఏసిండు." అనేసి, కుండ చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆ క్షణాన రాయమల్లుకు కలిగింది సిగ్గు కాదు. భయం. నిలువునా చెమట పట్టించే భయం. బజారులో ఎవరినడిగినా చెబుతారు, మైలుతుత్తం విషమని. అతను నాలుకతో తెలుసుకున్నాడు, అమ్మ నోటి నుంచి వెయ్యిసార్లు విన్నాడు. అయినా తన చేతులతోనే తెచ్చి పరిచాడు, మసకబారితే ఇంకాస్త పరిచాడు. రెండు మూటలు మోసిన చేతులే రెండు చేపలనూ చంపాయి. ఈ చేతుల్లోనే ఏదో ఉంది. ఇక మూడో బిడ్డ కూడా ఈ చేతుల్లోకే రావాలి.

"నువ్వు దానికి చెప్పకు అవ్వా."

"చెప్తెనే మంచిది గదరా. అది వేరే తీర్గ మనసుల వెట్టుకున్నది."

"వద్దు. నా మీద ఉన్న జర నమ్మకం గూడ పోతది. నీకు దండం పెడుత."

పోశవ్వ ఒట్టు వేయలేదు. కాదనీ అనలేదు. రాయమల్లు పాత కుండను పగలగొట్టి పెంటలో కలిపాడు. గొట్టాలు మరిగే నీళ్లలో కడిగాడు. తొట్టి నీళ్లన్నీ మార్చి, కొత్త కుండలో కొత్త ఇసుక పోశాడు. ఈసారి నూలు పోగు కూడా వేయలేదు. తెల్లతోకది కొద్దిరోజులకు తేరుకుంది, ప్యాలాల పిండి తినసాగింది. పని అయిపోయిందనుకున్నాడు. నీళ్లలోని విషం పోయింది. ఇంట్లోది పోలేదు.

బుచ్చవ్వ ఇప్పుడు నిద్ర లేవగానే కళ్లు తెరవకుండానే అడిగేది.

"ఉన్నదా?"

"ఉన్నది."

ఆ జవాబు విన్నాకనే కళ్లు తెరిచేది. పగలు కునుకుపట్టి ఉలిక్కిపడితే మళ్లీ అదే మాట. రాయమల్లు కూడా మెల్లమెల్లగా అందులో పడిపోయాడు. గాలి తగ్గిందేమో, ట్యూబు పగిలిందేమో, పిల్లి వచ్చిందేమో. షాపులో స్పోక్ బిగిస్తూ మధ్యలో లేచి పరుగెత్తుకొచ్చేవాడు. చేప నమ్మకం పెళ్లాందే గానీ, దాని వణుకు మాత్రం అతనికీ అంటుకుంది. అది వట్టి నూలు మహిమ అని తెలిసిన ఒకే ఒక్క మనిషి, అందరికంటే ఎక్కువగా భయపడ్డాడు.

ఆషాఢం నాటికి బుచ్చవ్వ చిక్కిపోయి కడుపు తప్ప ఏమీ కనబడకుండా అయింది. ఇంటికొచ్చి చూసిన డాక్టరమ్మ రాయమల్లును వాకిట్లోకి పిలిచింది. "రోగమేమీ లేదు. తినడం లేదు, నిద్ర లేదు. దేనికో భయపడుతోంది. అదేమిటో కనుక్కో. ఇట్లాగే ఉంటే కాన్పుకు బలం చాలదు."

కనుక్కోవడానికేముంది, అతని నోట్లోనే ఉంది. ఆ పూట మంచం పక్కన కూర్చుని, "బుచ్చవ్వా, ఒక మాట," అన్నాడు. ఆమె తల తిప్పి చూసింది. ఆ కళ్ల కింద నల్లటి గుంటలు చూసి, పక్కనున్న జావ గిన్నె అందుకున్నాడు. "ఏం లేదు. జావ తాగు," అన్నాడు. పోశవ్వ వంటింట్లో గిన్నె గట్టిగా నేలకు వేసింది.

శ్రావణం మొదట్లో, ముసురు పట్టిన ఒక మధ్యాహ్నం, అనుకున్నదానికంటే చాలా ముందుగా నొప్పులు వచ్చాయి. పోశవ్వ పక్కింటామెను షాపుకు పంపింది. రాయమల్లు రిక్షాను వెంటబెట్టుకుని తడుస్తూ వచ్చాడు. రిక్షా వాకిట్లో నిలబడింది. బుచ్చవ్వ మాత్రం మంచం పట్టె వదల్లేదు.

"నేను రాను. అటు చూడు."

ఆ హడావిడిలో ఎవరూ గాలి కొట్టలేదు. ట్యూబు మెత్తబడి బండ నేలకు ఆనింది. బుడగలు ఆగిపోయాయి. తెల్లతోక చేప పైకి తేలి నోరు తెరుస్తూ మూస్తూ ఉంది.

"అది పోతున్నది," అంది బుచ్చవ్వ. పెదవులు తెల్లబడ్డాయి. "నేను పోంగనే అది పోతది. అది పోతె నేను ఒట్టి చేతులతోనే వస్త, లేకుంటె అసలుకే తిరిగి రాను. నువ్వు ఈడనే ఉండు. గాలి కొట్టు. నేను అత్తతోని పోత."

రాయమల్లు పంపు అందుకున్నాడు. ఆలోచన లేదు, మనసులో మాట లేదు. ట్యూబు ముందు కూర్చుని రెండు చేతులతో కొట్టడం మొదలుపెట్టాడు. బుడగలు మళ్లీ లేచాయి. మంచం మీద ఆమె మూలుగు పెద్దదయింది. అతను ఇంకా వేగంగా కొట్టాడు. ఆపితే చేప పోతుందని అతనికీ అనిపిస్తోంది. నిజంగానే అనిపిస్తోంది. పెళ్లాం అక్కడ నొప్పులు పడుతుంటే మొగుడు ఇక్కడ కూర్చుని చేపకు గాలి కొడుతున్నాడు.

పోశవ్వ వచ్చి అతని ముందు నిలబడింది. "నువ్వు చెప్తవా, నన్ను చెప్పుమంటవా?"

పంపు ఆగింది. రాయమల్లు తల ఎత్తకుండానే అన్నాడు.

"అవి నువ్వనుకున్న తీర్గ పోలే బుచ్చవ్వా. నేనే సంపిన. కుండల పరిచిన నూలుకు మైలుతుత్తం గంజి ఉండె. నేను చూసుకోలే. ఎండ గాదు, దేవుడు గాదు, నీ కడుపు గాదు. నా నూలు."

బుచ్చవ్వ మోచేతి మీద లేచింది.

"నీకెప్పటిసంది ఎరుక?"

"రెండోది పోయిన నాటిసంది."

"గప్పటిసందా?"

"భయమైంది. నా చేతులు మంచియి గావనుకున్న. నువ్వు గూడ గట్లనే అనుకుంటవని చెప్పలే."

ఏడుస్తుందనుకున్నాడు. ఆమె ఏడవలేదు. ఎన్నో నెలలుగా ఆ ఇంట్లో వినబడని గొంతు ఒకటి లేచింది. షాపు ముందు బండ్లు తీయించే గొంతు.

"నేను పొద్దుమాపు సచ్చుకుంట బతుకుతుంటె చూసుకుంట కూసున్నవా? నువ్వు సంపింది చేపల్ని గాదు, నన్ను. లే. పంపు పక్కకు పెట్టు. నువ్వు నా ఎంబడి రావాలె, నేను నిన్ను తిట్టాలె, నువ్వు వినాలె. నడువు."

మంచం పట్టె వదిలేసింది. అత్త భుజం పట్టుకుని తనే దిగింది.

పోశవ్వా బుచ్చవ్వా రిక్షాలో, రాయమల్లు సైకిల్ మీద పక్కనే. వానకు రిక్షా పరదా దించి ఉంది. నొప్పి వచ్చినప్పుడు పరదా వెనక మూలుగు, నొప్పి తగ్గగానే పరదా పైకి లేచి తిట్లు. బజారు నడుమ టవర్ దాటే దాకా అదే వరస. రిక్షా అతను ముందుకే చూస్తూ తొక్కాడు గానీ అతని భుజాలు కదులుతున్నాయి. రాయమల్లుకు మొహం మీద కారేది వానో కన్నీళ్లో తెలియలేదు. ఆ తిట్లు ఆగితే మాత్రం భయంగా ఉండేది. మళ్లీ వినబడగానే ఊపిరి ఆడేది.

దవాఖానలో తలుపు మూశారు. లోపలి నుంచి కాసేపు తిట్లు, కాసేపు అరుపులు వినబడ్డాయి. తర్వాత ఏమీ వినబడలేదు. ఆ నిశ్శబ్దంలో రాయమల్లు వరండా గోడకు ఆనుకుని, రెండు చేతులూ చంకల్లో దాచుకుని నిలబడ్డాడు. రెండుసార్లూ ఇట్లాంటి నిశ్శబ్దం తర్వాతే అతన్ని లోపలికి పిలిచి మూట చేతిలో పెట్టారు. దేవదాస్ వచ్చి ఏదో అన్నాడు, అతనికి వినబడలేదు. తలుపు తీస్తే పారిపోవాలని అనిపించింది.

లోపల ఒక చిన్న గొంతు, చిరాకు పడ్డట్టు, గట్టిగా ఏడ్చింది.

ఆడపిల్ల. పిడికెడంత ఉందని, అయినా ఊపిరి బాగుందని, తల్లి గొంతే వచ్చిందని డాక్టరమ్మ నవ్వింది. రాయమల్లు గడప దగ్గర నుంచే చూశాడు, లోపలికి పోలేదు. అందరూ రమ్మన్నా, గ్రీజు చేతులన్నాడు.

తెల్లారి పోశవ్వ ఇంటికి పోయి జావ కాచుకుని వచ్చింది. గిన్నె మూత తీస్తూ, ఎవరూ అడగకముందే చెప్పింది. "అది ఉన్నది. రాత్రంత గాలి లేకున్న బతికే ఉన్నది. పిండి ఏస్తె తిన్నది." చేప మాట ముందు రోజు నుంచి ఎవరికీ గుర్తు రాలేదని అప్పుడే ముగ్గురికీ తెలిసింది. బుచ్చవ్వ జావ మొత్తం తాగి, ఇంకా ఉందా అని అడిగింది.

తాగాక గడప వైపు చూసింది. రాయమల్లు ఇంకా అక్కడే నిలబడి ఉన్నాడు, చేతులు వెనక పెట్టుకుని.

"గాడ్నే ఉంటవా?"

"నా చేతులు..." అన్నాడు.

బుచ్చవ్వ తిడుతుందనుకున్నాడు. ఆమె బిడ్డను గుడ్డలో సరిగ్గా చుట్టి, రెండు చేతుల మీద పెట్టి ముందుకు చాపింది.

"చేతులకేమైతదయ్యా, కడుక్కుంటె పోతది. జర కడుక్కొని వచ్చి ఎత్తుకో."

వరండా చివర నల్లా ఉంది. రాయమల్లు పోయి, సబ్బు అడిగి తీసుకుని, గోళ్ల సందుల్లో కూడా రుద్ది కడుక్కున్నాడు. తడి తుడుచుకుని లోపలికి వచ్చాడు. బిడ్డ కోసం రెండు చేతులూ ముందుకు చాపాడు.